ఖాళీ లంక

నాడి ఏ తప్పూ చేయలేదని విచారణ సంఘం తేల్చింది.

నివేదిక చదివి వినిపించింది కరుణాకరం గారు, నదీ వ్యవస్థల ప్రయోగశాల డైరెక్టరు. చదువుతున్నంతసేపూ ఆయన తల ఎత్తలేదు. "వ్యవస్థ హద్దు లోపల ప్రాణనష్టం లేదు" అన్న వాక్యం దగ్గర మాత్రం ఒక్క క్షణం ఆగి గొంతు సవరించుకున్నారు. బల్ల చుట్టూ ఉన్నవాళ్ళు తలలూపారు. వీరవేణి తన ముందున్న టీ మీద మీగడ కట్టడం చూస్తూ కూర్చుంది.

హద్దుకి అవతల పోయినవాళ్ళు తొమ్మండుగురు. అందులో ఒకరు వీరవేణి సొంత అక్క గంగరత్నం. ఆ సంగతి గదిలో అందరికీ తెలుసు కాబట్టే ఎవరూ ఆమె వైపు చూడలేదు. ఆ హద్దు గీత గీసింది వీరవేణే అని కూడా తెలుసు, దాన్ని గురించి ఎవరూ నోరెత్తలేదు. పెద్దమనుషులు అలాంటి చోట ఎంత మర్యాదగా ఉండాలో అంత మర్యాదగానూ ఉన్నారు.

"నీకేమైనా చెప్పాలనుందా అమ్మా?" అని అడిగారు కరుణాకరం గారు.

"లేదు సార్."

నిజంగానే లేదు. ఏడుపు రావడం లేదు, కోపం రావడం లేదు. పన్ను పీకించుకోవడానికి మందిచ్చాక చెంప ఎలా ఉంటుందో ఒళ్ళంతా అలా ఉంది. తాకితే తాకినట్టు తెలుస్తోంది, అంతే. టీ చల్లారిపోయాక తాగేసి, కప్పు తనే తీసుకెళ్ళి కడిగిపెట్టింది.

నాడి అంటే గోదావరిని కనిపెట్టుకుని ఉండే వ్యవస్థ. కొండల దగ్గర్నుంచి సముద్రం దాకా నీళ్ళలో గుమ్మడికాయంత బుడగలు వేలకొద్దీ తేలుతూ ఉంటాయి. తన దగ్గర నీళ్ళెంత లోతున్నాయో, ఎంత వేగంగా పోతున్నాయో ప్రతి బుడగా నాడికి చెబుతుంది. నాడి ఆనకట్ట తలుపుల్నీ పాయల తలుపుల్నీ ఎత్తుతూ దించుతూ ఉంటుంది. ఎత్తాక ఏం జరిగిందో మళ్ళీ బుడగల్నే అడిగి, ఆ జవాబుని బట్టి మళ్ళీ సర్దుకుంటుంది. మనిషి చెయ్యి తగలదు. తమ పొలం వైపు నీళ్ళు రాకుండా చూడమని పలుకుబడి ఉన్నవాళ్ళు ఫోన్లు చేసే రోజులు పోవాలని, తలుపులకి చేత్తో తిప్పే చక్రం కూడా లేకుండా కట్టారు. ఆ ఆలోచన వీరవేణిది. దానికి ఆమెకి సన్మానం జరిగింది.

సన్మానానికి గంగరత్నం లంక నుంచి పట్టుచీర కట్టుకుని వచ్చింది, చేతిలో సంచీ నిండా దొండకాయలతో. చెల్లెలికి శాలువా కప్పుతుంటే హాల్లో అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది. తర్వాత కంట్రోల్ రూములో తెరల ముందు నిలబడి నోరు వెళ్ళబెట్టింది.

"ఇంతకీ ఇదేం సేత్తాదే?"

"పొయ్యి మీద పాలు పెట్టావనుకో. పొంగొస్తే మంట తగ్గిస్తావు కదా. పొంగు దిగితే మళ్ళీ పెంచుతావు. ఇదీ అంతే అక్కా. నది పొంగు చూసుకుంటూ తలుపులు ఎత్తుతుంది, దించుతుంది."

"మరి నేను పక్కింట్లో కబుర్లలో పడితేనో?"

"ఇది పక్కింటికెళ్ళదు."

"అబ్బో! అయితే నాకంటే బుద్ధిమంతురాలే," అని గంగరత్నం తెర చుట్టూ చేతులు తిప్పి మెటికలు విరిచింది. ఆనాటి నుంచి లంకలో అందరూ దాన్ని నాడమ్మ అనడం మొదలుపెట్టారు.

ఆ లంక పేరు గువ్వలలంక. గోదావరి రెండు పాయల మధ్య ఒండ్రు మేటవేసిన దిబ్బ. అరటితోటలు, దొండ పందిళ్ళు, ఓ ముప్పై గడపలు. అక్కచెల్లెళ్ళు పుట్టింది అక్కడే. గంగరత్నాన్ని ఉన్న ఊళ్ళోనే అబ్బులుకిచ్చి చేశారు. వీరవేణి చదువుకుని బయటికొచ్చింది. నాడి పటం మీద నీలం గీత ఏటిగట్టు వెంబడి పోతుంది. గీతకి ఇవతల ఉన్న ఊళ్ళు వ్యవస్థ. అవతల ఉన్నది పరిసరం, అంటే నీళ్ళు ఎక్కడినుంచి వస్తాయో, ఎక్కడికి పోతాయో ఆ చోటు. లంక నది మధ్యలో ఉంది కాబట్టి పరిసరంలో పడింది.

వరద మరీ మీదికొస్తే ఊరి గట్టు తెగకుండా నీళ్ళని ఎక్కడో ఒకచోటికి వదలాలి. నాడి లెక్కలో ఆ చోటు గువ్వలలంక. వదిలేముందు లంక ఖాళీ అయిందో లేదో దానికి తెలియాలి. ఒంటికి గుర్తుబిళ్ళలు కట్టుకోవడానికి లంక జనం ఒప్పుకోలేదు, మేమేమన్నా గొడ్లమా అన్నారు. కరెంటు పోతే సెల్‌ఫోన్లు పనిచేయవు. గొడ్ల చెవులకి మాత్రం అప్పటికే పసుప్పచ్చ బిళ్ళలున్నాయి. వాటిలో చిన్న రేడియో పెట్టడం తేలిక.

అప్పుడు సమావేశంలో లేచి వీరవేణి చెప్పింది: "నేను పుట్టింది ఆ లంకలోనే సార్. మావాళ్ళు గొడ్లని వదిలి ఎక్కడికీ రారు. గొడ్లు గట్టు దాటాయంటే మనుషులు దాటినట్టే."

లంకలో పుట్టిన మనిషే చెప్పాక ఇంక మాటేముంది, అందరూ బాగుందన్నారు. పేపర్లో కూడా వేశారు. సైరన్ మొదటి కూతకి సర్దుకోవాలి, రెండో కూతకి ఉన్నపళంగా పడవలెక్కాలి అని లంకవాళ్ళకి నేర్పారు. మూడేళ్ళు సాఫీగా నడిచింది. ఖాళీగా ఉన్న లంకకి పదేపదే ఆ కూతలేమిటి, నిద్రలు పాడవుతున్నాయని గట్టుకి ఇవతలి ఊరివాళ్ళు గొడవపెడితే, బిళ్ళలన్నీ గట్టు దాటాక రెండో కూత అక్కర్లేదని ఈ వేసవిలో ఒక చిన్న సవరణ కలిపారు. దాని కింద వీరవేణి సంతకం కూడా ఉంది. లంకవాళ్ళకి మాత్రం ఎవరూ చెప్పలేదు.

శ్రావణంలో పెద్ద వరద వచ్చింది. మొదటి కూత కూసింది. బిళ్ళలన్నీ గట్టు దాటాయి. రెండో కూత కూయలేదు. తలుపులు లేచాయి.

దొరికిన ఎనిమిది శవాలకీ దహనాలయ్యాయి. గంగరత్నం మాత్రం దొరకలేదు. దర్భలతో బొమ్మ చేసి కర్మ కానిచ్చేద్దామన్నాడు పురోహితుడు. అబ్బులు ససేమిరా అన్నాడు. అందుకని గంగరత్నం అటు బతికీ లేదు, ఇటు చచ్చీ లేదు.

వీరవేణి క్వార్టర్స్‌లో ఒక్కతే ఉంటుంది. పొద్దున ఆఫీసుకి పోతోంది, సాయంత్రం వస్తోంది. ఫ్రిజ్‌లో అక్క పంపిన ఆఖరి దొండకాయలు పండిపోతున్నాయి. ఒకరోజు ముందు పెట్టుకుని తరిగింది. లోపల ఎర్రగా ఉన్నాయి. వేపుడు చేసుకుని తింది. మూకుడు తోముతుంటే అందులో ఉప్పు వెయ్యలేదని గుర్తొచ్చింది. పలకరించడానికి ఫోన్ చేసినవాళ్ళు ఏడుస్తుంటే వాళ్ళనే ఓదార్చి పెట్టేస్తోంది. గుండె రాయి చేసుకుందని బంధువులు మెచ్చుకున్నారు. తను ఏమీ చేసుకోలేదని ఆమెకి తెలుసు.

ఆదివారం నాడు గట్టు మీదికి వెళ్ళింది.

లంకవాళ్ళకి అక్కడ వరసగా రేకుల షెడ్లు వేసిచ్చారు. చివరి షెడ్డు ముందు బొల్లి కట్టేసి ఉంది. నుదుటి మీద తెల్లమచ్చ ఉన్న గేదె అది, దూడప్పటినుంచీ గంగరత్నం చేతి మీద పెరిగింది. దాని పొదుగు దగ్గర ఎవరో ఆడమనిషి గొంతుక్కూర్చుని పాలు తీస్తోంది. ఆకుపచ్చ చీర, ఎర్ర అంచు. ఆ చీర అక్కది.

ఆడమనిషి తల తిప్పి చూసింది. మీసాలున్నాయి.

"ఏం సెయ్యమంటావమ్మాయ్," అన్నాడు అబ్బులు, జారిపోతున్న కొంగు సర్దుకుంటూ. "మీ అక్క సెయ్యి తప్ప ఇంకో సెయ్యి ఎరగదిది. దగ్గరికెల్తే తన్నేత్తంది. సీర కప్పుకుంటే ఊరుకుంటంది. వాసన సూసుకుని ఆవిడే అనుకుంటంది."

"నమ్ముతోందా బావా?"

"నమ్ముతంది, పిచ్చిముండ. సేపు కూడా వత్తంది, పాలు దిగిపోతన్నాయి."

ఇంకొకప్పుడైతే ఆ మీసాలకి ఆ కొంగు చూసి వీరవేణి కడుపు చెక్కలయ్యేలా నవ్వేది. అక్క ఉంటే ఇద్దరూ కలిసి బావని ఏడాది పొడుగునా ఏడిపించేవారు. ఇప్పుడు ఊరికే చూస్తూ నిలబడింది. తపేలాలో పాలు నురగ కట్టాయి. అబ్బులు చీర విప్పి, మడత పెట్టి, వాసన పోకుండా ప్లాస్టిక్ సంచిలో పెట్టి మూతి ముడేశాడు.

"బావా, ఒకటి అడగనా? మన చిన్నప్పుడు గొడ్లూ మనుషులూ ఒక్కసారే దాటేవాళ్ళం కదా. నన్ను గేదె మీద కూచోబెట్టి నాన్న పక్కనే ఈదేవాడు. మరి మొన్న గొడ్లని ముందు తోలేసి, మనుషులు ఎందుకు ఉండిపోయారు?"

అబ్బులు విస్తుపోయి చూశాడు, ఇందులో తెలియనిదేముందన్నట్టు.

"అప్పుడు నీల్లు ఎప్పుడొత్తాయో తెలిసేడిసేదా? బయానికి అందరం ఒక్కసారే ఎల్లిపోయేవోల్లం. పంటంతా పోయేది. నాడమ్మ వచ్చేక ఆ బయం లేదు కదా. మొదటి కూతకి మగోల్లం గొడ్లని తోలేత్తాం, నీల్లెక్కువైతే అయి ఈదలేవు. ఆడోల్లుండి గెలలు, కాయలు కోత్తారు. రెండో కూతకి పడవలేసుకెల్లి ఎక్కించుకొచ్చేత్తాం. ఎప్పుడూ తేడా రాలేదమ్మాయ్."

"అలా చెయ్యమని ఎవరు చెప్పారు?"

"ఎవరు సెప్పాలి? కూత టయానికి వత్తంది కదా. మీ అక్కే అనేది అందరితోటీ, మా సెల్లి కట్టింది, అది పక్కింటికెల్లదు, బయపడకండి అని." అబ్బులు తపేలా మీద మూత పెట్టాడు. "ఆ రోజు కూడా పడవ ఇక్కడే ఉంది. తాడిప్పి సేతిలో పట్టుకునే కూకున్నాను. కూత కోసం సూత్తన్నాను."

వీరవేణికి అప్పుడు తెలిసింది. ఆమె చెప్పిన మాట చెప్పిన రోజున నిజమే. తర్వాత నాడి వచ్చింది. దాని మీద నమ్మకంతో లంక తన పద్ధతి మార్చుకుంది. మారిన లంకని నాడి పాత గుర్తుతోనే చదివింది. కొత్తగా చేరిన ఇంజనీర్లకి ఏటా మొదటి పాఠం వీరవేణే చెబుతుంది. వ్యవస్థ చేసే పని వల్ల పరిసరం మారుతుంది, మారిన పరిసరం మళ్ళీ వ్యవస్థలోకి వస్తుంది, దీన్ని ఫీడ్‌బ్యాక్ అంటారు అని బోర్డు మీద గుండ్రంగా బాణాలు గీస్తుంది. గీత అవతల పెట్టేసినంత మాత్రాన అక్క ఆ బాణాల్లోంచి తప్పుకోదని ఆమెకి తోచలేదు. తోచిన ఈ రోజున కూడా గుండె కొట్టుకునే తీరు మారలేదు. మంచినీళ్ళడిగి తాగింది.

"అరటితోటలో మనిసి లోతు ఒండ్రు పడింది," అన్నాడు అబ్బులు, లంక వైపు చూస్తూ. "అక్కడే ఉంది. గెలలు కోత్తంటే సూసొచ్చేను కదా నేను. రోజూ ఎల్లి తవ్వుతున్నాను. సగం అయ్యింది. ఈలోగా మల్లీ నీల్లొదిలితే ఇంక సముద్రంలోకే." ఆమె వైపు తిరిగి అడిగాడు: "వదలదు కదమ్మాయ్, నీ నాడి?"

"చూస్తాను బావా," అంది.

మర్నాడు కరుణాకరం గారిని పక్కన కూర్చోబెట్టుకుని, నమూనా తెర మీద నీలం గీత చెరిపి లంకని లోపలికి తెచ్చేలా మళ్ళీ గీసింది. శ్రావణంనాటి వరదని అందులోకి వదిలింది. నాడి కాసేపు తడుముకుని, కొత్త గీతకి బయటపడ్డ ఇటుకబట్టీల పేట మీదికి నీళ్ళని తోలింది. పేటని కూడా లోపలికి తెచ్చింది. ఈసారి నీళ్ళు పల్లపు వీధుల్లోకి, అక్కడున్న ఆస్పత్రిలోకి పోయాయి. గీత జరుపుతూ పోయింది. ఎంత జరిపినా ఎర్రమచ్చ ఎక్కడో ఒకచోట తేలుతూనే ఉంది.

"ఎక్కడో ఒకచోట గీత ఆపాలి కదమ్మా," అన్నారు కరుణాకరం గారు. ఆయన చెడ్డమనిషి కాదు. మొన్నటి వార్త విని రెండు రోజులు అన్నం మానేసినవాడు. "లోపల అంటూ ఉన్నాక బయట అంటూ ఉండక తప్పదు."

"ఉండనివ్వండి సార్. బయట ఉన్నవాళ్ళని చూడ్డం నేర్పుదాం. గొడ్లని చూసి మనుషుల్ని లెక్కపెట్టొద్దు. రెండో కూత తిరిగి పెడదాం."

"తప్పకుండా. కానీ నియమాలు మార్చాలంటే సంఘం కూర్చోవాలి. వచ్చే నెల కూర్చుంటారు. ఈ ఏటికి ఇంక పెద్ద వరద రాదులే."

భాద్రపదం పోతూపోతూ పెద్ద వరదే తెచ్చింది.

మధ్యాహ్నానికి కంట్రోల్ రూము కిక్కిరిసిపోయింది. ఇటుకబట్టీల పేట దగ్గర గట్టు అడుగునుంచి నీటిబుగ్గలు లేస్తున్నాయి. అలా లేచాయంటే గట్టు ఎంతోసేపు నిలవదు. వెనక పేట, పేట వెనక ఊరు. జనాన్ని తరలించడానికి లారీలు చాలడం లేదు. నాడి లంక వైపు తలుపులు ఎత్తాలి. ఎత్తడం లేదు. లంక జనమంతా గట్టు మీద షెడ్లలోనే ఉన్నారు, గొడ్లన్నీ గట్టు మీదే ఉన్నాయి. పటంలో లంక మధ్యన మాత్రం పసుప్పచ్చ చుక్క ఒకటి వెలుగుతోంది.

వీరవేణి చుక్క మీద వేలు పెట్టింది. బొల్లి అని పేరు వచ్చింది.

"దీనికి సంఘం అక్కర్లేదు, నీ సంకేతపదం ఒక్కటి కొడితే చాలమ్మా," అన్నారు కరుణాకరం గారు. చెమటలు కారుతున్నాయి ఆయనకి. "ఆ నియమం నీ పేరున ఉంది. ఆ బిళ్ళని లెక్కలోంచి తీసేద్దాం. ఒక్క గేదె."

"ఒక్క గేదె ఉండదు సార్. పక్కన మా బావ ఉంటాడు."

"చూశావా నువ్వు?"

"చూడక్కర్లేదు. నేను వెళ్ళి తీసుకొస్తాను."

"ఈ వరదలో నీ పడవ బోల్తా పడితే?"

"అప్పుడు బిళ్ళ లంక మీదే ఉంటుంది. తలుపులు లేవవు. కాబట్టి మంచి పడవ ఇప్పించండి," అంది. తన గొంతు అంత మామూలుగా ఉండటం ఆమెకే వింతగా అనిపించింది.

మరపడవ లంకని పట్టుకునేసరికి ఒడ్డంతా మునిగిపోయింది. అరటితోట కొంచెం మెరక. బొల్లి ఒక మోడుకి కట్టేసి ఉంది. దాని పక్కన నడుం లోతు గోతిలో నిలబడి అబ్బులు పారతో ఒండ్రు ఎత్తిపోస్తున్నాడు. చీర ఉన్న ప్లాస్టిక్ సంచి గోతి అంచున పెట్టుకున్నాడు. వీరవేణిని చూసి ఆశ్చర్యపోలేదు.

"బొల్లి ఇక్కడున్నంతసేపూ వదలదు కదా. నువ్వే సెప్పేవంట, పేపర్లో ఏసేరు."

"వదలదు బావా. కానీ పేట దగ్గర గట్టు తెగిపోతోంది. అక్కడ మనుషులున్నారు."

"ఇక్కడ మీ అక్కుంది."

ఆమె దగ్గర ఉన్న జవాబులన్నీ లెక్కలు. గోతిలోకి దిగి, అంచున పడున్న ఇంకో పార అందుకుంది. ఇద్దరూ మాట్లాడుకోకుండా తవ్వారు. ఒండ్రు బరువుగా, మెత్తగా, బాగా నానిన పిండిలా ఉంది. ఒక పార ఎత్తితే ఆ చోట రెండు పారల నీళ్ళు ఊరుతున్నాయి. జేబులో ఫోన్ మోగుతోంది, ఆగుతోంది, మళ్ళీ మోగుతోంది. గోతి అంచు విరిగి పడింది. తవ్వినదంతా పూడిపోయింది. వీరవేణి మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టింది. ఆమె అరచేతులు చిట్లి పారకర్రకి నెత్తురంటింది. అది ఆమెకి తెలియడం లేదు.

అబ్బులు తవ్వడం ఆపి ఆమెనే చూశాడు.

"అమ్మాయ్."

ఆమె తవ్వుతూనే ఉంది.

"అమ్మాయ్, సాలు. ఒంటిమీద తెలివిలేదు నీకు." పార పట్టుకుని లాగేసుకున్నాడు. రొప్పుతూ గోతి అంచున కూలబడ్డాడు. "ఆ పేటలో పిల్లలున్నారా?"

"ఉన్నారు బావా. బళ్ళో పెట్టారు, లారీలు రాలేదింకా."

అబ్బులు చేతులు అందులోనే కడుక్కుంటున్నట్టు ఒండ్రు మీద రాశాడు. తర్వాత లేచి, సంచి చంకన పెట్టుకుని, బొల్లి కట్టు విప్పాడు.

"ముందు నువ్వు ఎక్కు బావా," అంది వీరవేణి. "తర్వాత నేను. బొల్లి మన వెనకాల. మనం దాటకుండా అది దాటకూడదు."

పడవ వెనక తాడుకి బొల్లి ఈదుకుంటూ వచ్చింది, ముట్టె ఒక్కటే నీళ్ళ పైకి పెట్టి. గట్టు దగ్గర ఇద్దరూ దిగి పైకెక్కారు. బొల్లి మోకాలి లోతు నీళ్ళలో నిలబడిపోయింది. వెనక్కి తిరిగి లంక వైపు చూసి అరిచింది. అబ్బులు తాడు పట్టి లాగాడు. రాలేదు. నలుగురు మగాళ్ళు చెయ్యేశారు. కాళ్ళు తన్నిపెట్టి మెడ చాచిందే గానీ అడుగు వెయ్యలేదు. దాని చెవికి పసుప్పచ్చ బిళ్ళ ఊగుతోంది.

గట్టు మీద హద్దురాయి ఉంది. నీలం గీత పటంలో ఎక్కడుందో నేల మీద ఆ రాయి అక్కడుంది. ఆ చెవి రాయిని దాటితే తలుపులు లేస్తాయి.

అబ్బులు సంచి ముడి విప్పి చీర తీశాడు. తను కప్పుకోబోయి ఆగిపోయాడు. చీర తెచ్చి వీరవేణి భుజాల మీద కప్పాడు.

"నువ్వు తోలుకురా అమ్మాయ్. నా వల్ల కాదు."

పేడ వాసన, కొబ్బరినూనె వాసన, దొండాకు పసరు వాసన. వీరవేణికి ఒక్కసారిగా ముక్కు లోపల ఎక్కడో మంట పుట్టింది. ఇన్ని రోజుల్లో ఒంటికి మొదట తెలిసింది అదే. అరచేతులు కూడా మండటం మొదలుపెట్టాయి. కొంగు తల మీదికి లాక్కుని నీటి అంచుకి దిగింది. అక్క పిలిచినట్టే నాలుక కొట్టి పిలిచింది. బొల్లి చెవులు ఇటు తిరిగాయి. ముట్టె చాచి చీర వాసన చూసింది, గట్టిగా ఊపిరి పీల్చి వదిలింది. వీరవేణి వెనక్కి ఒక అడుగు వేసింది. బొల్లి ముందుకి ఒక అడుగు వేసింది. ఎవరూ తాడు లాగలేదు. తల ఆమె పొట్టకి ఆనించి, నమ్ముకుని, అడుగులో అడుగు వేస్తూ గట్టెక్కింది. రాయి దాటింది.

సైరన్ కూయలేదు. ఖాళీ లంకకి కూత అక్కర్లేదు. ఎగువ నుంచి గర్జనలా ఒక చప్పుడు మాత్రం మొదలైంది. గట్టు మీద జనమంతా లేచి నిలబడ్డారు. అరటితోట మీదికి నీళ్ళు ఎర్రగా, ఎత్తుగా, తొందరేమీ లేకుండా వచ్చాయి. గోతి ఉన్న చోటు ఒక్కసారి సుడి తిరిగి మూసుకుపోయింది. అబ్బులు అటు చూస్తూ రెండు చేతులూ జోడించాడు.

బొల్లికి చేపు వచ్చింది. పాలు వాటంతటవే నేల మీదికి కారుతున్నాయి. అది వీరవేణి నడుంలో తల దూర్చి పాలు తీసేవాళ్ళ కోసం చూస్తోంది.

వీరవేణి గొంతులోంచి ఏడుపు తన్నుకొచ్చింది. చీర లాగేసి నేల మీద పడి ఏడవాలనిపించింది. చెయ్యి కొంగు మీదికి పోయింది.

"తియ్యకమ్మాయ్," అన్నాడు అబ్బులు, నీళ్ళ మీంచి చూపు తిప్పకుండా, రహస్యం చెబుతున్నట్టు. "గొంతు కూడా ఎత్తకు. దానికి తెలిసిపోద్ది."

వీరవేణి కొంగు నోట్లో కుక్కుకుని, పొదుగు దగ్గర కూర్చుంది.